పొట్టి తూటా

.38 స్పెషల్, .357 మాగ్నమ్. ఈ రెండు తూటాల్నీ బల్ల మీద పక్కపక్కన నిలబెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అదే ఇత్తడి, అదే లావు, అడుగున అదే అంచు. మాగ్నమ్ కేసు మాత్రం 3.4 మిల్లీమీటర్లు పొడుగు. బియ్యపు గింజలో సగం అనుకోండి. ఎక్కువ మందు కూరడానికి పెంచిన పొడుగు కాదది. పాత .38 రివాల్వర్లలో మాగ్నమ్ పొరపాటున కూడా పట్టకూడదని పెంచింది. పట్టి, ఎవరైనా పేలిస్తే, ఆ పాత సిలిండర్ చీలిపోయే ప్రమాదం ఉంది. అందుకని 1935లో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు మాగ్నమ్ రివాల్వర్ని అమ్మకానికి తెచ్చేటప్పటికి ఏర్పాటు ఇలా ఉంది: పొట్టిది పొడుగుదాని గదిలో దూరుతుంది, పొడుగుది పొట్టిదాని గదిలో దూరదు. మా వృత్తిలో దీన్ని బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. మేము పదిమందిమి కూర్చుని, నాలుగు నెలలు మీటింగులు పెట్టుకుని కూడా ఇంత శుభ్రంగా చెయ్యలేం.

పేర్లు మాత్రం మా కోడ్‌లో వేరియబుల్ పేర్లలాగే ఏడిశాయి. రెండింట్లోనూ సీసం ముక్క లావు 0.357 అంగుళాలే. .38 అన్నది ఒకప్పుడు కేసూ, సీసమూ ఒకే లావున ఉన్న కాలం నుంచి మిగిలిపోయిన అంకె. లోపల అంతా మారింది, పేరు మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ కేసు అంత పొడుగ్గా ఉండడం కూడా అలాంటి మిగులే. .38 స్పెషల్ పుట్టింది 19వ శతాబ్దం చివర్లో, నల్లమందు రోజుల్లో. నల్లమందు కేసు నిండా కావాలి. పొగలేని మందు వచ్చాక అందులో నాలుగో వంతు చాలు. ఇప్పటికీ .38 కేసులో సగానికి పైగా ఉండేది గాలే.

కాబట్టి .357 రివాల్వర్ ఇంట్లో ఉన్నవాడికి ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. దానికోసమే పుట్టిన పొడుగు తూటా వెయ్యాలా, పట్టే పొట్టిది వెయ్యాలా? నేను పొట్టిది వేస్తాను. ఎందుకో చెప్పడానికి ఇంత రాయాల్సిన అవసరం ఉందా అని మా ఆవిడ అడిగింది. ఉందనే అనుకుంటున్నాను.

ముందు, ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ ఇంట్లో రివాల్వర్ ఏంటి అన్న ప్రశ్న ఉంటుంది. మేముండేది డాలస్ ఉత్తర శివారులో. అమెరికాలో చాలా ఊళ్ళలోలాగే ఇక్కడా ఇండియన్ల ఇళ్ళల్లో బంగారం ఉంటుందని దొంగలకి తెలుసు. రెండేళ్ళ కిందట దీపావళి వారంలో మా వెనక వీధిలో రెండిళ్ళు పోయాయి. వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులు కెమెరాల గురించి, మూడో రోజు తుపాకుల గురించి చర్చ జరిగింది. వీసా మీద ఉన్నవాళ్ళకి మామూలుగా తుపాకీ కొనే హక్కు లేదు. కానీ ఫెడరల్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది: చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే చాలు. హెచ్1బి మీద ఉంటూ, జీవితంలో కోడిని కూడా కొయ్యని మావాళ్ళు డజను మంది ఆ దారిలో కాగితాల మీద వేటగాళ్ళయ్యారు. వాళ్ళల్లో నేనొకణ్ణి.

మా ఆవిడ విని, "దొంగలు వచ్చేది మనం గుడికెళ్ళినప్పుడు. అప్పుడు నీ రివాల్వర్ కూడా వాళ్ళకే," అంది. దీనికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. బంగారం బ్యాంకు లాకర్లోకి వెళ్ళిపోయింది. రివాల్వర్ మాత్రం వచ్చింది. నిజం చెప్పాలంటే భయం సగమే. మిగతా సగం ఆ యంత్రం మీద ఇష్టం. ట్రిగ్గర్ లాగుతుంటే సిలిండర్ ఆరో వంతు తిరిగి, టక్కుమని కుదురుకుని, ఆ తర్వాతే సుత్తి పడుతుంది. బ్యాటరీ లేదు, అప్‌డేట్ లేదు, లాగిన్ లేదు. రోజంతా స్క్రీన్ మీద ఏదీ చేతికి తగలని పని చేసేవాడికి అది ఎలాంటి ఆకర్షణో వేరేవాళ్ళకి చెప్పడం కష్టం.

తను ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. "కొంటే నాకూ పేల్చడం రావాలి. సేఫ్ కోడ్ నాకూ తెలియాలి. నా చేతకానిది ఇంట్లో ఉండకూడదు." ఈ వ్యాసంలో చెప్పబోయే అంకెలన్నీ, సినిమాలన్నీ, చరిత్ర అంతా చివరికి ఈ షరతు దగ్గరికే వచ్చి ఆగుతాయి. అప్పటికి నేనది ఏదో ఇంటి పనుల పంపకం లాంటిది అనుకున్నాను.

అంకెల సంగతి చూద్దాం. సుమారు పది గ్రాముల సీసం ముక్కని .38 స్పెషల్ సెకనుకి 755 అడుగుల వేగంతో పంపుతుంది. అంతే బరువున్న ముక్కని .357 మాగ్నమ్ 1,235 అడుగుల వేగంతో పంపుతుంది. శక్తి వేగం వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి తేడా రెండున్నర రెట్లు దాటుతుంది. కేసు లోపల పీడనానికి పరిశ్రమ పెట్టుకున్న హద్దులు చూస్తే .38కి 17,000 పిఎస్ఐ, .357కి 35,000. పెట్టె మీద ఈ అంకెలు చదివిన ఏ ఇంజనీరైనా రెండోదే కొంటాడు. ధరలో తేడా పెద్దగా లేనప్పుడు తక్కువ స్పెసిఫికేషన్ ఎవడు కొంటాడు? ఫోను కూడా మనం అలాగే కొంటాం.

అయితే ఆ పెట్టె మీద రాసేది ముందుకి పోయే లెక్క ఒక్కటే. వెనక్కి వచ్చేదాన్ని ఎవరూ అచ్చు వెయ్యరు. మా రివాల్వర్ 1.1 కిలోల స్టీలు. న్యూటన్ మూడో సూత్రం పట్టుకుని, బుల్లెట్‌తో పాటు బయటికి పోయే వాయువుల్ని కూడా కలిపి కాగితం మీద లెక్క వేశాను. చేతిలోకి వెనక్కి వచ్చే శక్తి .38తో పోలిస్తే .357కి మూడింతల పైనే వచ్చింది. మణికట్టు భరించాల్సింది అది. ఇక చెవి. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారి విన్నా చెవికి శాశ్వతంగా నష్టం జరగొచ్చంటారు. నాలుగు గోడల మధ్య .38 కూడా ఆ గీతని సులువుగా దాటేస్తుంది, .357 దాన్ని ఇంకా దాటుతుంది. తర్వాత కన్ను. మాగ్నమ్ మొదట్లో వచ్చింది ఎనిమిదిన్నర అంగుళాలు దాటిన పొడుగు బ్యారెల్‌తో. ఆ మందు నిదానంగా కాలుతుంది. నాలుగు అంగుళాల బ్యారెల్లో అది పూర్తిగా కాలకముందే బుల్లెట్ బయటికి వెళ్ళిపోతుంది, మిగిలింది మూతి దగ్గర మంటగా వెలుగుతుంది. చీకటి గదిలో, నిద్ర కళ్ళ ముందు.

మనం డబ్బు పెట్టి కొన్న ఆ అదనపు శక్తిలో ఎంత భాగం మన పనికి వస్తోంది, ఎంత భాగం చేతికీ చెవికీ కంటికీ పోతోంది అన్నది నాకు ఇందులో ఆసక్తి కలిగించిన ప్రశ్న. ఇంకొక ఖాతా కూడా ఉంది, గోడ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మాగ్నమ్‌ని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు. అది ఒక నిజమైన ఇబ్బందికి పుట్టిన జవాబు. 1920లు, 30లలో అమెరికన్ బందిపోట్లు కార్లెక్కారు. పోలీసుల .38 తూటాలు ఆ కార్ల స్టీలు రేకుల మీద సరిగా పనిచెయ్యలేదు. కారు తలుపులోంచి దూసుకుపోయేది ఏదైనా కావాలని అడిగారు, ఇచ్చారు. మొదటి .357 రివాల్వర్ ఎఫ్‌బిఐ డైరెక్టర్ జె. ఎడ్గార్ హూవర్‌కి వెళ్ళింది. జనరల్ ప్యాటన్ కూడా ఒకటి కొనుక్కున్నాడు. హూవర్ మనుషులు తరిమినవాళ్ళు కార్లలో పారిపోయేవాళ్ళు. మా ఇంట్లో ఉన్న కారు ఒక మినీవ్యాన్. అది గరాజ్‌లో ఉంటుంది, వెనక సీటు నిండా బిస్కెట్ పొడి.

ఆ తర్వాత జరిగిందే ఆలోచించదగ్గది. 1955లో 'కంబాట్ మాగ్నమ్' అని, పోలీసులు రోజంతా నడుముకి తగిలించుకు తిరగగలిగేంత తేలికైన .357 రివాల్వర్ వచ్చింది. దాని వెనక ఉన్న బోర్డర్ పెట్రోల్ అధికారి బిల్ జోర్డన్ లాంటివాళ్ళ ఆలోచన, సాధన .38తో చేసి డ్యూటీకి .357 పెట్టుకోవడం. డబ్బు కలిసొస్తుంది, తుపాకీ అరగదు. నిజంగానే ఆ సైజు రివాల్వర్లలో ఏకధాటిగా మాగ్నమ్‌లే పేల్చితే బ్యారెల్ మొదట్లో పగుళ్ళు వచ్చేవి. దానికి పరిష్కారంగా 1980ల మొదట్లో ఇంకాస్త బరువైన ఫ్రేముతో కొత్త రివాల్వర్లు తెచ్చారు. మాది ఆ జాతిదే. అంటే స్టీలు కూడా రోజూ మాగ్నమ్‌ని ఒప్పుకోలేదన్నమాట. సాధన ఒకదానితో, అవసరం ఇంకోదానితో అన్న ఆ ఏర్పాటుకి 1970 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన న్యూహాల్ దగ్గర పరీక్ష ఎదురైంది. అర్ధరాత్రి ఒక కారు ఆపిన కాలిఫోర్నియా హైవే పెట్రోల్ అధికారులు నలుగురు ఐదు నిమిషాల లోపే చనిపోయారు. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే. తర్వాత జరిగిన విచారణల్లో చాలా లోపాలు బయటపడ్డాయి, తూటా వాటిలో ఒకటి మాత్రమే. కానీ ఆ ఒకటి ఇది: చేతుల్లో మాగ్నమ్ తూటాలున్నాయి, శిక్షణ మెత్తటి .38తో జరిగింది. ఆ తర్వాత ఆ శాఖ సాధనకీ డ్యూటీకీ ఒకే తూటా అని నిర్ణయించుకుంది. అది .38 స్పెషల్, కాస్త గట్టిగా నింపిన రకం. చాలాకాలం ఎఫ్‌బిఐ కూడా అంతే, .357 పట్టే రివాల్వర్లు ఇచ్చి వాటిల్లో గట్టి .38 నింపింది.

ఎఫ్‌బిఐ కథలో ఇంకో మలుపు ఉంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు పోయాక వాళ్ళు పెద్ద తూటా కావాలనుకుని 10 మిల్లీమీటర్లకి వెళ్ళారు. చాలామందికి దాని దెబ్బ చేతిలో ఆగలేదు. దాన్ని పలచన చేశారు. పలచన చేసిన దానికి అంత పెద్ద కేసు ఎందుకని, 1990లో పొట్టి కేసుతో .40 పుట్టింది. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ 9 మిల్లీమీటర్లకే వచ్చారు. ఈలోగా బుల్లెట్ల తయారీ మెరుగయిందన్నది నిజమే. కానీ రిపోర్టులు చదువుతుంటే నాకు మా ఆఫీసులో మూడు ఫ్రేమ్‌వర్కులు మార్చి మొదటిదానికే వచ్చిన ప్రాజెక్టు గుర్తొచ్చింది. అదృష్టం, మా దగ్గర ఎవరి ప్రాణమూ పోలేదు.

ఈ పెద్ద తూటా మోజు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికితే అందరూ చూపించేది ఒకటే సినిమా. 1971 డిసెంబర్‌లో 'డర్టీ హ్యారీ' వచ్చింది. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో ఉన్నది .357 కూడా కాదు, దాని పెద్దన్న .44 మాగ్నమ్. ప్రపంచంలోకెల్లా శక్తివంతమైన చేతి తుపాకీ అని ఆ పాత్ర చేత చెప్పించారు. ఆ ముక్క ఎంత పనిచేసిందంటే, అప్పటిదాకా వేటగాళ్ళకి తప్ప ఎవరికీ పట్టని ఆ రివాల్వర్ సినిమా తర్వాత దుకాణాల్లో దొరక్కుండా పోయింది. (అదే సంవత్సరం ఆగస్టులో మన దగ్గర 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చింది. కథ ఆరుద్ర, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్, రాజస్థాన్ ఎడారిలో కృష్ణ గుర్రం మీద. 2023లో మళ్ళీ విడుదల చేసినప్పుడు యాభై దాటిన అంకుల్స్ విజిల్స్ వేస్తున్న వీడియోలు నాకు ఇక్కడిదాకా వచ్చాయి.)

హ్యారీ తర్వాతి సినిమా 'మాగ్నమ్ ఫోర్స్', 1973. జాన్ మిలియస్, మైకెల్ చిమినో రాశారు. అందులో ఫైరింగ్ రేంజ్‌లో ఒక చిన్న సంభాషణ ఉంది. నలుగురు కుర్ర పోలీసులు హ్యారీ చుట్టూ చేరి, మీ .44లో ఏ లోడ్ వాడతారని భక్తిగా అడుగుతారు. హ్యారీ ఏ హడావిడీ లేకుండా, తేలికపాటి స్పెషల్ లోడ్ అని చెప్తాడు. ఈ సైజు తుపాకీలో దాంతో అదుపు బాగుంటుంది, వెనక్కి తన్నేది తక్కువ అంటాడు. ప్రపంచంలోకెల్లా శక్తివంతమైన తుపాకీ పట్టుకున్న మనిషి అందులో సగం మందు తూటాలు వేసుకుని తిరుగుతున్నాడని రెండో సినిమాలో తేలుతుంది! అది .44 స్పెషలా, లేక మందు తగ్గించిన .44 మాగ్నమా అని తుపాకీ పిచ్చి ఉన్నవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదన కంటే ఆ నలుగురు కుర్రాళ్ళు ఎవరన్నది ముఖ్యం. నగరంలో కోర్టు వదిలేసినవాళ్ళని వెతికి చంపుతున్నది వాళ్ళే. వాళ్ళు వాడేది .357లు. హ్యారీ పోటీలో వాళ్ళల్లో ఒకడి రివాల్వర్ అడిగి తీసుకుని, కావాలనే గోడలోకి ఒక గుండు పేల్చి, ఆ సీసం ముక్కని తర్వాత తవ్వి తీసుకెళ్ళి రుజువు పట్టుకుంటాడు. సినిమా పేరు 'మాగ్నమ్ ఫోర్స్'. మాగ్నమ్ వేసుకున్నది విలన్లు, తగ్గించి వేసుకున్నది హీరో. పోస్టరు చూసి తుపాకీ కొన్నవాళ్ళెవరూ ఈ సీను చూసినట్టు లేదు. లేదా చూసి, అది చిన్న ముక్కలే అని వదిలేశారు.

సినిమాల్లో రికాయిల్ అబద్ధం కావడానికి ఒక మామూలు కారణం ఉంది. సెట్ మీద పేల్చేది బ్లాంకులు. ముందుకి పోయే బరువే లేనప్పుడు వెనక్కి తన్నేదీ పెద్దగా ఉండదు. చెయ్యి ఎగరడం నటించాలి. మన సినిమాల్లో అదీ నటించరు. అక్కడ రికాయిల్ అంతా ఎదుటివాడికే, తూటా తగిలినవాడు పది అడుగులు వెనక్కి ఎగిరి కుండల మీద పడతాడు. తగిలినవాణ్ణి అంత దూరం విసిరే తూటా అయితే, అదే లెక్కన పేల్చినవాణ్ణి కూడా రెండో వైపు విసరాలి. ఇంటర్ ఫిజిక్స్. కానీ మన హీరో చెయ్యి కదలదు. ఖర్చు లేని బలం అన్నది మనం ఇష్టపడే కల, దానికి తుపాకీ ఒక సాకు.

రేంజ్‌కి మమ్మల్ని తీసుకెళ్ళింది మా టీమ్‌లో సీనియర్, కరీంనగర్ ఆయన, వయసుతో పని లేకుండా అందరూ అన్న అంటారు. ఆరడుగుల మనిషి. .357 తప్ప ఏదీ తుపాకీ కాదని నమ్మకం. మా ఆవిడ చేతికి ముందు మాగ్నమే ఇచ్చాడు. తను చెవులకి రెండు పొరలు పెట్టుకుని, అద్దాలు పెట్టుకుని, ఒకటి పేల్చింది. పక్క లేన్లవాళ్ళు కూడా ఇటు చూశారు. రివాల్వర్‌ని మెల్లిగా బల్ల మీద పెట్టి, "ఇది నాది కాదు," అంది. భయపడినట్టు లేదు. కొలత సరిపోని చెప్పుల్ని తిరిగి ఇచ్చేసినట్టు ఇచ్చేసింది. తర్వాత నేను .38 నింపి ఇచ్చాను. ఏడు గజాల దూరంలో ఆరు రంధ్రాలు టిఫిన్ ప్లేటంత జాగాలో పడ్డాయి. ఇంకో ఆరు అడిగింది. ఆ తర్వాత సాసరంత జాగా.

అప్పుడు అన్న ఒక పరీక్ష నేర్పించాడు. సిలిండర్లో కొన్ని నిజం తూటాలు, కొన్ని డమ్మీలు కలిపి, పేల్చేవాళ్ళకి తెలియకుండా తిప్పి ఇస్తారు. డమ్మీ దగ్గర సుత్తి ఉత్తినే పడినప్పుడు బ్యారెల్ మూతి ఏం చేస్తోందో పక్కవాళ్ళు చూస్తారు. దెబ్బ వస్తుందని ముందే భయపడే చెయ్యి, రాని దెబ్బకి కూడా కిందికి తోస్తుంది. మా ఆవిడ .38తో చేసినప్పుడు మూతి కదల్లేదు. నాకు .38తో కదల్లేదు, .357తో కొంచెం వంగింది. పదేళ్ళుగా మాగ్నమ్ పేలుస్తున్న అన్న వంతు వచ్చింది. మొదటి రెండూ నిజం తూటాలు, గురి చక్కగా పడింది. మూడోది డమ్మీ. ఆ 1.1 కిలోల రివాల్వర్ మూతి రెండంగుళాలు కిందికి పోయింది. ముగ్గురం చూశాం. ఎవరమూ నవ్వలేదు. అన్న కాసేపు ఆ మూతినే చూసి, "చెయ్యి దానంతటదే పోతది తమ్మీ," అన్నాడు.

(సమీక్షలు రాసేవాడిగా ఒక పక్కమాట. ప్రతి పుస్తకానికీ 'మహాద్భుతం', 'ఈ దశాబ్దపు రచన' అని నింపి పేలుస్తుంటాం. నాలుగో సమీక్షకి చదివేవాడు ముందే కళ్ళు మూసుకుంటాడు. అది కూడా ఫ్లించే.)

ఇక గోడ. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడి ఇళ్ళల్లో మొదట ఆశ్చర్యం కలిగించేది ఇదే. లోపలి గోడంటే అరంగుళం జిప్సం బోర్డు, మధ్యలో గాలి, మళ్ళీ అరంగుళం జిప్సం బోర్డు. మేకు కొడితే అవతలికి పోతుందేమోనని భయం వేస్తుంది. కారు తలుపు కోసం పుట్టిన తూటాకి అది గోడే కాదు. అయితే .38కీ కాదు. మెత్తటిది కాబట్టి గోడలో ఆగిపోతుందని చెప్పే దుకాణదారుల మాట నమ్మకండి. ఏ మామూలు చేతి తుపాకీ తూటా అయినా అలాంటి గోడలు రెండు మూడు దాటుతుంది. తేడా అంతా దాటాక ఎంత మిగిలి ఉంటుంది, ఇంకా ఎన్ని దాటుతుంది అన్న దగ్గరే. తప్పిపోయిన గుండు సంగతి కూడా కలపాలి. గురి తప్పిన గుండ్లు ఎన్ని అన్నది మళ్ళీ చేతి మీద, అంటే రికాయిల్ మీద ఆధారపడుతుంది.

ఇల్లు కొన్నప్పుడు బిల్డర్ ఇచ్చిన ఫ్లోర్ ప్లాన్ ప్రింట్ తీసి, స్కేలు పెట్టి గీతలు గీశాను. మా పడకగది తలుపు దగ్గర నిలబడి మెట్ల వైపు పేలిస్తే ఆ గీత ఎక్కడికి పోతుంది? మెట్ల అవతల గోడ, దాని అవతల మా పాప గది. దానికి ఐదేళ్ళు. మంచం తలవైపు సరిగ్గా ఆ గోడకే ఉంది. మంచం ఎడమ పక్క మోకాళ్ళ మీద కూర్చుంటే మాత్రం గీత మెట్ల మలుపు మీదుగా బయటి ఇటుక గోడకి వెళ్తుంది. ఇల్లంతటికీ అలాంటి చోటు అదొక్కటే. పాప మంచం జరిపాం. ఎందుకు జరుపుతున్నారని అడిగింది. కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని మా ఆవిడ చెప్పింది. ఆ రాత్రి తను ఆ ప్రింట్‌ని చాలాసేపు చూసి, మడిచి, సేఫ్‌లోనే పెట్టింది.

అన్న వాదనని తక్కువ చెయ్యను. "అవసరం పడ్డ రోజు చిన్నది సాలకపోతే ఎవర్నడుగుతవ్?" అంటాడు. ఒప్పుకోవాల్సిందే, .38 చాలని సందర్భాలు ఉన్నాయి. ఆ లెక్క మీదే 1935లో మాగ్నమ్ పుట్టింది. ఒక్క గుండు, సరైన చోట, రెండూ సమానంగా తగిలితే .357దే పైచెయ్యి. నేను ఆ 'సమానంగా తగిలితే' అన్న మాట దగ్గరే ఆగిపోతాను. అర్ధరాత్రి, నిద్రలోంచి లేచిన ఇద్దరిలో ఎవరికి ఆ రివాల్వర్ అందుతుందో ముందే తెలియదు. నాకు అందితే ఒక తూటా, తనకి అందితే ఇంకో తూటా అని సిలిండర్లో రాసిపెట్టలేం. ఇద్దరిలో తక్కువ మోయగలిగేవాళ్ళకి పనికొచ్చేదే ఇద్దరికీ పనికొచ్చేది. దీన్ని రాజీ అని అన్న అంటాడు, అననివ్వండి.

మా మామయ్య నల్లగొండలో ఎస్.ఐ.గా రిటైరయ్యారు. ఉద్యోగం అంతా నడుముకి .38 రివాల్వరే. అది అమెరికా .38 స్పెషల్ కాదు, ఇంకా పొట్టిది, ఇంకా మెత్తనిది, బ్రిటిష్ వాళ్ళు వదిలిపెట్టిన రకం. దాని కథా ఇలాంటిదే. మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ సైన్యం దగ్గర ఉన్న .455 వెబ్లీ చాలా గట్టిది, దాన్ని కొత్త సిపాయిలకి అలవాటు చెయ్యడానికి చాలా సమయం పట్టేది. యుద్ధం తర్వాత తొందరగా నేర్పగలిగే తూటా కావాలని .38కి దిగారు, 1932లో ఎన్‌ఫీల్డ్ రివాల్వర్‌తో అది సైన్యంలోకి వచ్చింది. అక్కణ్ణుంచి మన ఠాణాల్లోకి. మామయ్య తన రివాల్వర్‌ని ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసులో తప్ప పేల్చలేదు. అల్లుడు అమెరికాలో రివాల్వర్ కొన్నాడంటే ఆయన ఏ కంపెనీ అనీ, ఏ తూటా అనీ అడగలేదు. "తాళం ఎవరి దగ్గర ఉంటది?" అని అడిగారు. కోడ్ ఉంటుంది మామయ్యా, ఇద్దరికీ తెలుసు అన్నాను. "పోరి పెద్దదయితది కదా," అన్నారు.

ఆయన అన్న ఆ మాట మా ఇద్దరి మధ్యా చాలా రోజులు ఉండిపోయింది. అమెరికాలో తుపాకీ వల్ల చనిపోయేవాళ్ళల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగల కోసం కొన్న తుపాకీ దొంగని చూడకుండానే ఇంట్లో మనిషిని తీసుకుపోయే అవకాశాన్ని ఏ తూటా ఎంపికా తగ్గించదు. అక్కడ .38 మెత్తనిది కాదు, చాలినంత కంటే చాలా ఎక్కువ. పాపకి పదకొండో ఏడు వచ్చేలోగా రివాల్వర్ ఇంట్లోంచి వెళ్ళిపోవాలని ఇద్దరం అనుకున్నాం. తేదీ ఫ్యామిలీ క్యాలెండర్లో పెట్టాం, పేరు మాత్రం 'ఫిల్టర్ మార్చాలి' అని రాశాం.

ఈలోగా రెండు నెలలకోసారి, శనివారం పొద్దున, పాపని స్నేహితుల ఇంట్లో దింపి రేంజ్‌కి వెళ్తాం. యాభై .38లు, చెరి పాతిక. పొట్టి కేసులే పేల్చడం వల్ల సిలిండర్ గదుల్లో, కేసు ఆగే చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. దాన్ని బ్రష్‌తో గీకి తియ్యకపోతే పొడుగు తూటా సరిగ్గా కూర్చోదు. ఆ గీకే పని మా ఆవిడే చేస్తుంది, నాకంటే ఓపిగ్గా. మొదటి రోజు విప్పిన మాగ్నమ్ డబ్బాలో ముప్ఫై ఒకటి మిగిలితే కిందటి నెల అన్నకి ఇచ్చేశాను. ఆయన డబ్బా తీసుకుని, లెక్కపెట్టుకుని, నా .38ల డబ్బా వైపు చూసి, "అవి ఒక పది ఇటియ్యి," అన్నాడు.